చెరువునకు మూడు సాక్ష్యములు: శాసనము, మాన్యము, కథ

ఆంధ్రదేశ చరిత్రకారులు రాజవంశములను, యుద్ధములను, దేవాలయములను గూర్చి విస్తరించి వ్రాసిరి. చెరువుల ప్రసక్తి వచ్చినపుడు మాత్రము అవి రాజుల పుణ్యకార్యముల పట్టికలో నొక పంక్తిగా నిలిచిపోయినవి. సప్తసంతానములలో తటాకమొకటి యని చెప్పి ముందునకు సాగిపోవుట పరిపాటి యైనది. కాని జీవనదులకు దూరముగా, ఏడాదికి నాలుగైదు మంచి వానలను నమ్ముకొని బ్రదికిన సీమలో చెరువే యన్నము పెట్టినది. ఆ యన్నము తరతరములుగా లభించుటకు కట్టినవాని కీర్తికంటె కాపాడినవాని శ్రమయే యెక్కువ యవసరమైనది. కట్టినవాని పేరు శాసనమున నిలిచినది. కాపాడినవాని జాడ ఎచ్చట నిలిచినది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

ఇందుకై నేను మూడు విధములైన సాక్ష్యములను గైకొనుచున్నాను. మొదటిది శాసనము, ఇది రాజు పలుకు. రెండవది మాన్యపు లెక్క. ఇది గ్రామము పలుకు. మూడవది చెరువుకట్టను గూర్చిన కథ. ఇది భయము పలుకు. చర్చను ముఖ్యముగా కడప, అనంతపుర మండలములకు పరిమితము చేసి, తెలంగాణమును పోలికకొరకు మాత్రమే స్పృశింతును.

వానయు నేలయు

రాయలసీమ యను పేరు 1928లో నంద్యాల సభలో పుట్టినది. అంతకు పూర్వము దీనిని దత్తమండలములనిరి. 1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేయుటచే ఆ పేరు వచ్చినది. పడమటి కనుమలు నైరృతి ఋతుపవనమును అడ్డగించును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమున కురిసి, ఇచ్చటికి చేరునప్పటికి బలహీనమగును. అనంతపుర మండలమున సగటు వర్షపాతము సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అయితే కరువునకు కారణము వాన తక్కువగుట యొక్కటే కాదు. అది కురియు తీరుకూడ కారణమే. నెలకు మించిన బెట్ట తరువాత ఒక్క రాత్రిలో కుండపోతగా కురియును. ఎఱ్ఱనేలల వాలుమీద ఆ నీరు ఇంకక వంకలబడి పోవును. మరునాటికి వంక ఎండిపోవును.

ఇట్టి చోట సేద్యకానికి రెండే యుపాయములు కలవు. వాననీటిని నేలలోనే పట్టియుంచుట యొకటి. పల్లమున పట్టి నిలిపి పిదప వాడుకొనుట రెండవది. వాలునకు అడ్డముగా దున్నుట, గట్లు వేయుట, గుంటక తోలి పైమన్నును గుల్లచేయుట మొదటిదానిలో చేరును. కుంటయు చెరువును రెండవదానిలో చేరును. విజయనగరకాలపు దానశాసనములలో తరచు కానవచ్చు ‘నీరారంభము’, ‘కాడారంభము’ అను జంటపదములు ఈ విభాగమునే సూచించుచున్నవి. నీరారంభము చెరువునీట పండు మాగాణి. కాడారంభము వానపైననే ఆధారపడు మెట్ట. గ్రామమును దానము చేయునపుడు ఈ రెంటిని వేరువేరుగ పేర్కొనుటనుబట్టి, ఒకే యూరిలో రెండు విధముల సేద్యము, రెండు విధముల రాబడి ఉండినవని గ్రహింపవచ్చును. అవి రెండును ఒకే వానకు పుట్టిన బిడ్డలు.

చెరువును ఒంటరిగా చూచుట పొరపాటు. ఈ సీమలోను తెలంగాణములోను చెరువులు గొలుసుకట్టుగా నుండును. మీది చెరువు నిండి అలుగు పారిన నీరు దిగువ చెరువున చేరును. తెలంగాణమున ఆ యలుగునే మత్తడి యందురు. మీది ఆయకట్టున వరిమడులను తడిపి దిగజారిన నీరును దిగువ చెరువునకే పోవును. కట్టక్రింద ఊరిన నీరు బావులలో తేలును. దానిని పూర్వము ఎద్దులచే కపిల తోలించి మరల పొలమున కెక్కించెడివారు. వేసవిలో చెరువు ఎండినపుడు అడుగున చేరిన ఒండ్రును బండ్లకెత్తి మెట్టచేలకు తోలుదురు. వాన కొట్టుకొనిపోయిన సారము ఈ విధముగా తిరిగి చేనికే చేరును. ఒక్క వానను ఇన్ని మారులు వాడుకొను ఈ యేర్పాటు ఒక్కని వలన జరుగునది కాదు. మీది యూరివారు కట్టను ఉపేక్షించి తెగనిచ్చిరేని, ఆ వరద దిగువ కట్టలను వరుసగా తెంపివేయును. కావున గొలుసుకట్టు నీటికి మాత్రమే కాదు, బాధ్యతకును గొలుసు.

శాసన సాక్ష్యము

చెరువు నిర్మాణమును శాస్త్రముగా వివరించిన శాసనములలో కడప మండలమునందలి పోరుమామిళ్ల శాసనము అగ్రగణ్యము. శకవర్షము 1291, సౌమ్య సంవత్సరము, అనగా క్రీ. శ. 1369 నాటిది. మొదటి బుక్కరాయల కుమారుడును, ఉదయగిరినుండి పాలించినవాడును అగు భాస్కర భవదూరుడు దీనిని వేయించెను. ఆతడు కట్టించిన చెరువునకు అనంతరాజసాగరమని పేరు. శాసనము తెలుగు లిపిలో, సంస్కృత భాషలో, రెండు రాతిపలకలపై చెక్కబడినది. దీనిని సుక్తంకర్ పండితుడు ‘ఎపిగ్రాఫియా ఇండికా’ పదునాలుగవ సంపుటమున ప్రకటించెను.

ఈ శాసనము మంచి చెరువునకు పండ్రెండు అంగములను చెప్పుచున్నది. వానిని శాసనమునందలి వరుసలో గాక స్వభావమునుబట్టి వర్గీకరించినచో విషయము స్పష్టమగును. మనుష్యులకు సంబంధించినవి మూడు: ధర్మపరుడును, ధనవంతుడును, కీర్తికాముడును అగు రాజు, జలశాస్త్రము నెఱిగిన బ్రాహ్మణుడు, నిర్మాణమున నేర్పరులగు పనివారు. నీటికి సంబంధించినది ఒకటి: మూడు యోజనములనుండి తీయని నీటిని గొనివచ్చు నది. స్థలమునకు సంబంధించినవి ఐదు: గట్టి బంకమన్నుగల నేల; చెరువును తాకియుండు కొండ; విశాలమును లోతును అగు గర్భము; నిడుపైన తిన్నని రాళ్లు దొరకు గని; చేరువలో సమతలమై ఫలవంతమైన పొలము. కట్టడమునకు సంబంధించినవి మూడు: కొండల నడుమ మిక్కిలి పొడవు కాక దృఢమై యుండు రాతికట్ట, ఫలభూమికి ఎడమై యుండు కట్టకొనలు, కొండ నెలవువలన సుడులతో బలముగా వెడలు నీటిదారి.

ఇందు నదికి మూడు యోజనముల నిడివి చెప్పుట గమనింపదగినది. నదీజలము తీయనిదగుటతో శాసనకర్త తృప్తిపడలేదు. ఎంతమేర నేలపై కురిసిన వాన ఈ చెరువున చేరవలెనో ఆ లెక్కను నది పొడవు రూపమున చెప్పెను. నేటి యింజనీరు పరీవాహక వైశాల్యమని వ్యవహరించుదానినే ఆతడు నడచి కొలువదగిన దూరముగా చెప్పెను.

దోషములు ఆరు. కట్టనుండి నీరు ఊరిపోవుట, చవిటినేల, రెండు రాజ్యముల పొలిమేరయందు చెరువుండుట, చెరువు నడుమ తాబేటివీపువలె మిట్ట యుండుట, నీరు కొంచెమై సేద్యపునేల విస్తారమగుట, నేల కొంచెమై నీరు మిక్కుటమగుట. పండ్రెండు అంగములకంటె ఈ యాఱు దోషములలోనే శాసనకర్త యనుభవము ఎక్కువగా కనబడునని నా యభిప్రాయము. ఏలనన, అంగములను శాస్త్రముననుండి గ్రహింపవచ్చును. దోషములు చెడిన చెరువులను చూచిన కన్నులకే తెలియును. కడపటి రెండు దోషములు ఒకే సూత్రమునకు రెండు ముఖములు. చెరువు గొప్పతనము దాని పరిమాణమున లేదు. వచ్చు నీటికిని, నిలుచు నీటికిని, తడియవలసిన నేలకును గల అనుపాతమున నున్నది. నీటికి మించి ఆయకట్టు పెరిగినచో కడమడులు ఎండును, తగవులు పుట్టును. నేలకు మించి నీరు చేరినచో అది వ్యర్థమగును, కట్టకు భారమును అగును.

పొలిమేర దోషము నీటికి సంబంధించినది కాదు, అధికారమునకు సంబంధించినది. కట్ట ఒకరిది, ఆయకట్టు మరియొకరిది యైన చెరువును ఎవరు మరమ్మతు చేయవలెను? తూము ఎవరి యాజ్ఞపై తెరువవలెను? రాజ్యముల పొలిమేరను గూర్చి చెప్పిన ఈ దోషమును మనస్సున నుంచుకొందము. వ్యాసపు చివర దీనితో పని గలదు.

నిర్మాణ వివరములను శాసనము సంఖ్యలతో చెప్పుచున్నది. రెండు సంవత్సరములు పని జరిగినది. దినమునకు వెయ్యిమంది కూలీలు కట్టమీద, నూరు బండ్లు రాతిపనికి వినియోగమైనవి. ధనధాన్యముల వ్యయమునకు లెక్క లేదని చెప్పబడినది. కట్ట పొడవు ఐదువేల రేఖాదండములు, వెడల్పు ఎనిమిది, ఎత్తు ఏడు. వెయ్యి, నూరు అనునవి స్తుతికై చెప్పిన నిండు సంఖ్యలు కావచ్చును. అయినను ఏడాదికి మూడువందల దినములు పని జరిగినదనుకొన్నను ఆరు లక్షల కూలిదినములగును. ఇందు సగమును తీసివేసినను అది అల్పమైన శ్రమ కాదు. ఆ వెయ్యిమందిలో ఒక్కని పేరును శాసనమున లేదు.

అంతకంటె ముఖ్యమైన లోపమొకటి కలదు. పండ్రెండు అంగములలో ఎచ్చటను మరమ్మతు అను మాట లేదు. కట్టిన మరునాటినుండి కట్టమీద చెట్లు మొలచును, ఎలుకలు బొరియలు చేయును, గర్భమున పూడిక చేరును, తూమురాళ్లు కదలును. శాసనకర్త వీనిని ఎఱుగడా? ఎఱిగియుండును. కాని ప్రశస్తి శాసనము ప్రతిష్ఠాదినమునకు చెందిన రచన. దాని చూపు కట్టిన రాజుమీద నిలుచును. పాఖాల చెరువును నిర్మించిన జగదాల ముమ్మడి, ఆలయముతోపాటు రామప్ప చెరువును నిలిపిన రేచర్ల రుద్రుడు, బయ్యారమున చెరువు త్రవ్వించిన మైలాంబ, వీరందరు కాకతీయ శాసనములవలననే మనకు తెలిసినవారు. ఆ చెరువులను ఏడు నూర్లకు పైబడిన ఏండ్లు కాచినవారెవరో ఆ శాసనములనుండి తెలియదు. దానికై వేరొక సాక్ష్యమును ఆశ్రయింపవలెను.

మాన్య సాక్ష్యము

కడప, అనంతపుర, చిత్తూరు మండలములందును, పొరుగుననున్న కన్నడదేశమునందును విజయనగరకాలమునుండి ‘దశబంధము’ అను మాట తరచు వినవచ్చును. చెరువు కట్టించినవానికి గాని, తెగిన చెరువును బాగుచేసినవానికి గాని ఆ చెరువుక్రింది భూమిలో కొంత భాగమును, లేదా పంటలో కొంత పాలును మాన్యముగ నిచ్చుట దశబంధము. పదియవపాలు అను అర్థము పేరులోనే కలదు. ఆచరణమున పాలు హెచ్చుతగ్గులుగ నుండినది. పిదప రెవిన్యూ లెక్కలలో దీనికి రెండు రూపములు కానవచ్చును. ఏర్పరచిన భూఖండమును విడిగా అనుభవించుట ‘ఖండం దశబంధము’. ఆయకట్టు మొత్తపు రాబడిలో పాలు పొందుట ‘షామిలాత్ దశబంధము’.

ఈ యేర్పాటునందలి సూక్ష్మమును గుర్తింపవలెను. మరమ్మతునకు రాజు రొక్కము నిచ్చియుండినచో అది రాజ్యముతోపాటు పోయియుండును. దశబంధదారునకిచ్చిన భూమి ఆ చెరువు నీటనే పండవలెను. కట్ట తెగినచో ముందుగా ఎండునది వాని మడియే. నీరు నిలిచినచో ముందుగా లాభించువాడును వాడే. విధిని వాని మంచితనమునకు గాని, రాజభయమునకు గాని వదలక, వాని కంచములోనే పెట్టిరి. షామిలాత్ రూపమున ఈ సంబంధము మరింత గట్టిది. ఆయకట్టు అంతయు పండినపుడే వాని పాలు పెరుగును.

దశబంధదారుని తరువాత చెప్పదగినవాడు నీరుగంటి. తెలంగాణమున వీనిని నీరటి, నీరడి యందురు. తూము తెరచుట, మూయుట, మడిమడికి నీరు వంతులవారీగ పారించుట, వానరాత్రులలో కట్టపై తిరిగి ఊటలను కనిపెట్టుట వీని పని. పాతకాలపు తూము యంత్రము సులభమైనది. నీటిలో నిలిపిన రెండు రాతికంబములు, వానికి అడ్డముగా రంధ్రములుగల పలకలు, ఆ రంధ్రములగుండ దిగు పొడవైన కొయ్య, దాని కొనను తూముకంతలో ఇమిడెడి మూత. కొయ్యను ఎంత ఎత్తవలెనో, ఎన్ని జాములు ఎత్తియుంచవలెనో తెలిసినవాడు నీరుగంటి యొక్కడే. వానికి జీతము లేదు. కొంత మాన్యమును, కళ్లమున ప్రతి రైతు కొలిచియిచ్చు మేరగింజలును వాని బ్రదుకు. తూర్పారబట్టిన రాశిలోనుండి వాని కొలత వచ్చును గనుక కడమడికి నీరందించుట వానికిని లాభమే.

ఈ మాన్యముల వివరములు గ్రామకరణముల కవిలెలలోను, కాలిన్ మెకంజీ సేకరించిన కైఫియత్తులలోను నిక్షిప్తమై యున్నవి. కడపలోని సి. పి. బ్రౌను భాషాపరిశోధన కేంద్రము కడప మండలపు కైఫియత్తులను సంపుటములుగా ప్రకటించుట పరిశోధకులకు మహోపకారము. ప్రశస్తి శాసనమును చదువు శ్రద్ధలో సగమైనను ఈ శుష్కమైన భూమిలెక్కలపై నిలిపినచో, చెరువును కాచినవారి చరిత్ర బయటపడును.

అయితే ఈ యేర్పాటును స్వర్ణయుగముగ చిత్రించుట సత్యము కాదు. తూమువద్ద భూములు బలవంతులవి, కడమడులు బీదలవి. నీరు పంచువాడు తరచు తక్కువ కులమువాడు. వాడు పంచిన నీటిలో వాని కులమువారి మడులు కొద్ది. మట్టిపనియందు ఆరితేరిన వడ్డెలకు గుడిసె తప్ప ఆయకట్టున నెలవు దొరకుట అరుదు. పూడికపని పేర జరిగిన వెట్టియు కలదు. ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమునందలి రాజనీతిలో కృష్ణదేవరాయలు, దేశము చిన్నదైనను చెరువులు కాలువలు కల్పించి పేదరైతునకు అరి, కోరులలో సడలింపు నిచ్చినచో ధర్మార్థములు రెండును పెరుగునని చెప్పెను. నీటిని, పేదను కలిపి చెప్పుటలోనే, నీరున్నచోట పేదకు తనంత సుఖము కలుగదని రాజకవి యెఱిగినట్లు తెలియుచున్నది.

కథా సాక్ష్యము

మూడవ సాక్ష్యము కథ. అనంతపురము చెరువు, బుక్కరాయసముద్రము పండమేరుపై కట్టినవి. మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు 1364 ప్రాంతమున వీనిని కట్టించెనని స్థానిక చరిత్రలు చెప్పుచున్నవి. బుక్కరాయసముద్రపు కట్టను గూర్చిన ముసలమ్మ కథ తెలుగువారికి సుపరిచితము. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1853లో ప్రకటించిన అనంతపుర చరిత్రవలన ఈ కథ విద్వల్లోకమునకు తెలిసెను. దానిని వస్తువుగ గైకొని కట్టమంచి రామలింగారెడ్డి 1899లో ‘ముసలమ్మ మరణము’ అను కావ్యమును రచించెను. నవ్యకవిత్వ చరిత్రలో దాని స్థానమును గూర్చి విమర్శకులు చాల వ్రాసిరి. ఆ కావ్యమునకు మూలమైనది చెరువుకట్ట యను విషయమునకు తగిన ప్రాముఖ్యము లభింపలేదు.

కథాసారము సంక్షేపముగా నిది. జడివాన కురిసినది. చెరువు పొంగి కట్ట తెగ సిద్ధమైనది. బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ బలియైనచో కట్ట నిలుచునని దైవవాణి వినవచ్చెను. ఆమె తనవారికి చెప్పి సెలవుగైకొని గండిలో ప్రవేశించెను. కట్ట నిలిచెను.

ఇట్టి కథలు నిజముగా జరిగినవా అను ప్రశ్నకు సులభమైన సమాధానము లేదు. కాని చెరువుతో నరబలిని జోడించుట కేవలము జానపద కల్పన యని త్రోసివేయుటకును వీలులేదు. కృష్ణదేవరాయల కాలమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పాయస్, నేటి హోస్పేట సమీపమున రాయలు కట్టించుచున్న పెద్దచెరువును కన్నులార చూచెను. పదునైదు ఇరువదివేల మంది అందు పనిచేయుచుండిరని వ్రాసెను. కట్ట రెండుమూడు మారులు తెగగా, మనుష్యులను, గుఱ్ఱములను, దున్నలను బలియిచ్చిరనియు ఆతడు వ్రాసెను. కావున కట్ట తెగునను భయము రాజధానిలోను పల్లెలోను ఒక్కటియే.

ఈ కథలో నేను గమనించినది వేరొకటి. బలి కోరబడినది చెరువు కట్టిన దినమున కాదు. అది తెగబోయిన దినమున. పోరుమామిళ్ల శాసనము చెరువు పుట్టిన దినమును స్మరించుచున్నది. ముసలమ్మ కథ చెరువు చావబోయిన రాత్రిని స్మరించుచున్నది. ఊరి జ్ఞాపకమునకు కట్టించిన మంత్రికంటె కట్ట నిలిపిన కోడలే పెద్ద. గ్రామదేవతగ పూజలందినది ఆమెయే, మంత్రి కాదు. మరొక విషయము. ఎలుకబొరియలను పూడ్చి, చెట్లను పెరికి, అలుగును అడ్డులేకుండ ఉంచిన కట్ట సామాన్యముగా ఒక్క రాత్రిలో తెగదు. ఏండ్ల యుపేక్ష ఒక్క రాత్రి ఫలించును. ఆ రాత్రి అందరు చేయవలసిన పనికి ఒక్కరు ప్రాణమీయవలసి వచ్చును. అదియు ఇంట అడుగు అధికారము లేని చిన్నకోడలు. మాన్యపు లెక్క తప్పినచోట కథ పుట్టినదని చెప్పిన అతిశయోక్తి కాదు.

విధి విడిపోయిన విధము

1800లో దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగ వచ్చిన థామస్ మన్రో 1807వరకు ఇచ్చట నుండెను. చెరువు కట్టుటకు అనుకూలమైన చోటులన్నిటిని ప్రజలు మునుపే వాడుకొనిరనియు, క్రొత్తచెరువులు కట్టబూనుట వ్యర్థప్రాయమనియు ఆతని యభిప్రాయము. అనగా కంపెనీవారికి నిర్మాణపు పని మిగులలేదు. రక్షణపు పని మాత్రమే మిగిలినది. ఆ పనికే వారి యేర్పాటు తగినది కాకపోయెను.

రైతువారీ పద్ధతిలో పొలము రైతుపేర నెక్కినది, చెరువు సర్కారుదైనది. పన్ను రొక్కముగ ఖజానాకు పోయెను. మరమ్మతు ఖర్చునకు మంజూరు పైనుండి రావలసి వచ్చెను. 1858లో ఏర్పడిన ఈనాము కమిషను మాన్యములను పరిశీలించి పట్టాల కెక్కించినది. దశబంధములు చెరువు మరమ్మతు షరతుపై అనుభవించు ఈనాములుగా లెక్కలలో నిలిచినవి. కాని వారసులనడుమ భూమి ముక్కలైన కొలది షరతు ఎవరిదో తేలదయ్యెను. భూమి పంచుకొనుటకు వీలుండెను, బాధ్యత పంచుకొనుటకు వీలులేకపోయెను. అదే 1858లో మద్రాసు ప్రభుత్వము నిర్బంధశ్రమ చట్టమును చేసెను. కట్ట తెగు ప్రమాదమున్నపుడు గ్రామస్థులచే పని చేయించుటకును, ఆచారముగ రైతులు చేయవలసిన కుడిమరామత్తు చేయనిచో దాని విలువను రాబట్టుటకును అది వీలు కల్పించెను. ఆచారము బలముగ నున్నచో చట్టముతో పనియేమి? చట్టము పుట్టుటయే ఆచారము సడలినదనుటకు సాక్ష్యము.

1876-78 నాటి ధాత కరువు ఈ సీమను తుడిచిపెట్టినది. తరువాత 1883లో మద్రాసు ప్రభుత్వము చెరువుల పునరుద్ధరణ పథకము నారంభించి, చెరువులను కొలిపించి, పటములు గీయించి, అలుగుల మట్టములు నిర్ణయించెను. ఆ లెక్కలు నేటికిని ఉపయోగకరములు. కాని అందు కట్టకు ప్రమాణములు ఏర్పడినవి గాని, కట్టను కాచు మనుష్యునకు స్థానము ఏర్పడలేదు. దోషమంతయు పరప్రభుత్వముపై మోపుట న్యాయము కాదు. స్వాతంత్ర్యానంతరమును కట్ట ఇంజనీరుది, శిస్తు రెవిన్యూవారిది, పొలము రైతుది. గ్రామాధికారుల వంశపారంపర్య పద్ధతి పోవుట న్యాయమే. కాని నీరుగంటి చేయు పనికి బదులు ఏర్పాటు స్థిరపడలేదు. బోరుబావులు వచ్చిన పిదప ఎవరి నీరు వారిదే యైనది. చెరువునుండి ఊరిన నీటినే బోరు తోడుచున్నదను సంగతి మరుగునపడినది.

శాసనము చెప్పిన పొలిమేర దోషమును ఇప్పుడు స్మరింపవలెను. రెండు రాజ్యముల నడుమ చెరువుండరాదని 1369లో చెప్పిరి. రాజ్యములు పోయినవి, పొలిమేర మాత్రము చెరువులోనికే వచ్చినది. కట్టకొక అధికారము, నీటికొక అధికారము, గర్భమునకొక అధికారము, పొలమునకొక అధికారము ఏర్పడి, ప్రతి చెరువును నాలుగు రాజ్యముల పొలిమేరయందు నిలిచినది.

నేటి ప్రయత్నములు

ఇటీవలి కాలమున వాననీటిపై దృష్టి తిరిగి మరలినది. 1906లో బళ్లారి చేరువ హగరిలో నెలకొల్పిన వ్యవసాయక్షేత్రము మెట్టసేద్య పరిశోధనకు ఈ సీమలో తొలి నెలవులలో నొకటి. 1972లో పటాన్‌చెరువున అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనసంస్థ వెలసినది. అచ్చట నల్లరేగడిలో వెడల్పైన మళ్లు, వాని నడుమ కాలువలు తీసి, మిగులునీటిని పొలముకుంటకు చేర్చి, బెట్టనాడు పైరునకు తిరిగి పెట్టు పద్ధతిని పరీక్షించిరి. అనంతపురపు ఎఱ్ఱనేలలో కుంటనీరు ఇంకిపోవుటచే అడుగున మన్ను సిమెంటు కలిపిన పూత పూయవలసి వచ్చినది. కట్టనుండి నీరూరుట మొదటి దోషమని శాసనము చెప్పినదే మరియొక రూపమున ఎదురైనది. వేరుసెనగ చేనికి కుంటనీటితో ఒక్క తడి పెట్టగలిగినను పంట దక్కును. ఆ కుంట ఎంత పెద్దదిగ నుండవలెనను ప్రశ్నకు సమాధానము, నీటికిని నేలకును గల యనుపాతమును గూర్చిన ఐదవ, ఆఱవ దోషములలోనే యున్నది.

1997లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ నీటిపారుదల వ్యవస్థల నిర్వహణమున రైతులకు పాలు కల్పించు చట్టము చేసి నీటివినియోగదారుల సంఘములకు దారి తీసినది. 2015లో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ పేర చెరువుల పూడికతీత నారంభించినది. పూడికమట్టి పొలములకు తరలినది. ఇవి ప్రశంసనీయములు. కాని పూడిక తీయుట ఒక్కసారి జరుగు ఉత్సవము. పూడిక చేరుట ప్రతి వానకు జరుగు పని. ఉత్సవమునకు శిలాఫలకము లభించును. ప్రతి వాననాడు కట్టపై తిరుగువానికి ఏమి లభించును? ఈ ప్రశ్నకు సమాధానము లేని పునరుద్ధరణము, ప్రశస్తి శాసనములోని లోపమునే తిరిగి చేయుచున్నది.

ఉపసంహారము

పై చర్చవలన మూడు విషయములు తేలుచున్నవి. ఒకటి: మన పూర్వులకు చెరువు కట్టు శాస్త్రముండినది, ఆ శాస్త్రమునకు ప్రాణము అనుపాతము. రెండు: కట్టిన చెరువు నిలుచుటకు కారణము శాసనమున లేదు, మాన్యమున నున్నది, నీరు త్రాగువానికే నీటిని కాచు విధిని ముడిపెట్టుట దాని సారము. మూడు: ఆ ముడి సడలినపుడు దాని మూల్యమును చెల్లించినవారు బలహీనులని కథ చెప్పుచున్నది. దశబంధమును యథాతథముగ తిరిగి తెచ్చుట సాధ్యమును కాదు, కోరదగినదియు కాదు. అందలి కులభేదము, వెట్టి మనకు వలదు. దాని సారమును మాత్రము నేటి న్యాయమునకు అనుగుణముగ ఏర్పరచుకొనుట అవసరము.

తెలుగు శాఖలలో పనిచేయు మనకు ఇందు పనియేమని కొందరు శంకింపవచ్చును. శాసనమును చదువువారము మనము. కైఫియత్తును పరిష్కరింపవలసినవారము మనము. ముసలమ్మ కథను తరగతిలో బోధించువారము మనము. ఈ మూటిని వేరువేరు పాఠములుగ చెప్పుచున్నంతకాలము చెరువు మనకు కావ్యవస్తువుగనో, శాసనవిశేషముగనో మిగులును. పరిశోధక విద్యార్థులు తమ తమ గ్రామముల చెరువుకట్టపై నిలిచి, తూమురాతిమీది యక్షరములను, నీరుగంటి మాన్యపు సర్వే నెంబరును, కట్టమైసమ్మను గూర్చి ముదుసళ్లు చెప్పు కథను ఒక్కచోట వ్రాసికొందురేని, ఒక్కొక్క చెరువునకు ఒక్కొక్క చరిత్ర సిద్ధించును. కాచినవారి పేర్లు అన్నియు దొరకకపోవచ్చును. కొన్నియైన దొరకును. ఆ కొన్నియు కట్టించినవారి పేర్ల సరసన నిలువదగినవి.